చివర 'అండి' లేదు

ఆ యంత్రం మొట్టమొదటి అబద్ధం ఉప్మా మీద ఆడింది.

విశాఖపట్నంలో సముద్రానికి ఎదురుగా ఉన్న పరిశోధనశాల అది. మూడో అంతస్తులో ఆరుగురు ఇంజినీర్లు చుట్టూ నిలబడ్డారు. మధ్యలో చక్రాల కుర్చీలో మోక్షిత. ఆమె గడ్డం కింద, ఈ చెవి నుంచి ఆ చెవి దాకా, అరటినార మందాన బూడిదరంగు పట్టీ అతికించి ఉంది. నాలుకకీ దవడకీ మెదడు పంపే కబురుని ఆ పట్టీ చర్మం మీద నుంచే పసిగడుతుంది. మొండికేసిన కండరాలు ఆ కబురుని పాడుచేసేలోపే మాటేమిటో పోల్చుకుని, కుర్చీ చేతికి బిగించిన చిన్న డబ్బాలోంచి పలుకుతుంది. ఇంజినీర్లు దానికేదో మూరెడు పేరు పెట్టారు. మోక్షిత తల్లి వీరవేణి మాత్రం పలుకుపట్టీ అంది. చివరికి ఆ పేరే అందరి నోటా నిలిచింది.

ఆ పనికంతటికీ పెద్ద, డాక్టర్ నజీమా. ఆవిడ క్యాంటీన్ నుంచి వేడి ఉప్మా తెప్పించి, ఒక చెంచా మోక్షిత నోట్లో పెట్టి, "ఎలా ఉంది మోక్షా? ఈసారి నీ నోటితో నువ్వే చెప్పు" అంది.

మోక్షిత మెడ పక్కకి ఒరిగింది. దవడ కొట్టుకుంది. గొంతులోంచి తడిగా, నలిగినట్టు ఒక శబ్దం వచ్చింది. ఆ వెంటనే డబ్బాలోంచి పడుచుపిల్ల గొంతు, కడిగిన పళ్ళెంలా తేటగా, "చాలా బాగుందండి. మీకు శ్రమ ఇచ్చానండి" అంది.

గదంతా చప్పట్లు. ఒక కుర్రాడు కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నాడు.

గోడకి ఆనుకుని నిలబడ్డ వీరవేణి మాత్రం చప్పట్లు కొట్టలేదు. ఆమె విన్నది డబ్బాని కాదు, గొంతుని. ఇరవై ఏడేళ్ళుగా వింటున్న గొంతు. ఆ గొంతు అన్నది ఇదీ: "ఉప్పుకషాయం. దీన్ని మనిషన్నవాడు తింటాడా?"

మోక్షిత కళ్ళు పెద్దవయ్యాయి. మళ్ళీ అదే మాట, ఇంకా గట్టిగా అంది. "నిజంగానే బాగుందండి" అంది డబ్బా. మళ్ళీ చప్పట్లు. నజీమా ఇంకో చెంచా పెట్టింది.

వీరవేణి నజీమా వైపు ఒక అడుగు వేసి ఆగింది. ఇప్పుడు తప్పుందని చెబితే పట్టీ ఊడబెరుక్కుంటారేమో. ఎనిమిది నెలలు పడ్డ పాటు ఏట్లో కలుస్తుందేమో. నెల రోజుల్లో ఉన్న మోక్షిత డాక్టరేటు పరీక్ష పోతుందేమో. ఆమె నోరు మూసుకుంది.

కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. వీరవేణి జన్మంతా కీడెంచడం దగ్గరే ఆగిపోయింది. అది ఆమె తప్పు కాదు. పుట్టిన బిడ్డ ఏడవడానికి తొమ్మిది నిమిషాలు పట్టింది. ఆ తొమ్మిది నిమిషాల్లో ఆమెకి పట్టుకున్న భయం మళ్ళీ వదల్లేదు. బిడ్డ కాళ్ళూ చేతులూ చెప్పిన మాట వినవన్నారు డాక్టర్లు. నాలుకా అంతేనన్నారు. బుర్ర మాత్రం చురుకన్న సంగతి ఎవరూ చెప్పలేదు. అది వీరవేణే కనిపెట్టింది. నాలుగో ఏట, తను బ్లౌజులు కుడుతూ పదికి రెండు తక్కువ కాజాలు వేస్తే, పక్కన బొంత మీద పడుకున్న పిల్ల గుడ్లెర్రజేసి అరిచి మరీ తప్పు చూపించింది.

కోనసీమలో వాళ్ళుండే చిన్న ఊళ్ళో ఒకటో తరగతిలో చేర్చారు. మాస్టారు పేర్లు పిలిచేవాడు. పిల్లలు "ప్రెజెంట్ సార్" అనేవారు. మోక్షిత తనకొచ్చినట్టు "ఎ-ఎం-ఆ" అనేది. పిల్లలు నవ్వేవారు. ఇరవై మూడు రోజుల తర్వాత వీరవేణి ఎందుకో హాజరుపట్టీలోకి తొంగిచూసింది. మోక్షిత పేరు ఎదురుగా ఇరవై మూడు గళ్ళలో గైరుహాజరు.

"ఇదేటండి మాస్టారూ? పిల్ల రోజూ ఎదురుగుండానే కూకుంటంది కదండీ!"

"పలికితేనే హాజరమ్మా. రూలు."

"పలుకుతుందండి. దానికొచ్చినట్టు పలుకుతుంది."

"దానికొచ్చినట్టు పలికితే నాకెలా తెలుస్తుంది?"

మర్నాటి నుంచి వీరవేణి బడి వరండాలో కుట్టుపని పట్టుకుని కూర్చుంది. పేరు పిలవగానే కిటికీలోంచి "ప్రెజెంటండి!" అని కేకేసేది. ఏడో తరగతితో బడి మానేసిన మనిషి, కూతురితో కలిసి మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టింది. అలా తల్లి నోరు బిడ్డ నోరైంది.

అక్కడే వచ్చింది చిక్కు. "ఈ లెక్క మాస్టారే తప్పు చేశాడు" అని మోక్షిత అంటే, "లెక్క ఇంకోసారి చెప్పమంటోందండి" అనేది వీరవేణి. "నన్ను మూలన ఎందుకు కూర్చోబెట్టారు?" అంటే, "మూలనైతే గాలి బాగా వస్తోందంటోందండి" అనేది. వాళ్ళకి కోపం వస్తే పిల్లని బళ్ళోంచి తీసేస్తారని భయం. అసలే గోదావరి నోరు. ప్రతి మాట చివరా ఒక 'అండి' తగిలించనిదే ఊపిరాడదు.

ఇంటికొచ్చాక మోక్షిత రెచ్చిపోయేది. పళ్ళు కొరికేది, తల కుర్చీకేసి కొట్టుకునేది. "నేను అనని మాట ఎందుకన్నావే?"

"నీ మేలుకేనే తల్లీ."

"నా మాట నాకు ఇవ్వడం కంటే మేలేముంది?"

పదిహేనో ఏట ఒట్టేయించుకుంది. వీరవేణి కూతురి నెత్తిన చెయ్యి పెట్టి, ఇకమీదట ఉన్నదున్నట్టే చెబుతానంది. కూతురి ఎదుట ఆ ఒట్టు తప్పలేదు కూడా. ఎదుట.

*

మోక్షిత చదువు ఎలా సాగిందో చెప్పాలంటే ఎవరి మీద పడి తిట్టాలో తెలియదు. పదో తరగతి పరీక్ష రాయడానికి సాయం వచ్చిన పిల్లకి మోక్షిత మాట అర్థం కాదు. అర్థమయ్యే తల్లిని గదిలోకి రానివ్వరు. డిగ్రీ కాలేజీలో చరిత్ర తరగతి రెండో అంతస్తు. లిఫ్టు ఉంది. తాళం ప్రిన్సిపాలు దగ్గర ఉంది. ప్రిన్సిపాలు మీటింగులో ఉన్నాడు. మూడేళ్ళూ మీటింగులోనే ఉన్నాడు. రైసుమిల్లులో బస్తాలు మోసే తండ్రి బుల్లియ్య పొద్దున్నే కూతుర్ని వీపున వేసుకుని మెట్లెక్కించి, పనికి పోయేవాడు.

అయినా ఎం.ఏ. అయింది. పరిశోధనలో చేరింది. గైడు ఫిలోమినా మేడం. మోక్షిత ఎంచుకున్న విషయం గోరింటలంక. ఎనభై ఏళ్ళ క్రితం గోదావరికి పెద్ద వరద వచ్చినప్పుడు, పట్నాన్ని కాపాడ్డానికి అధికారులు ఆ లంకవైపు కట్టని తెగ్గొట్టించారు. లంక మునిగిపోయింది. జనాన్ని ముందే ఖాళీ చేయించామని కాగితాలు చెప్పాయి. ఆచార్య మార్కండేయులు నలభై ఏళ్ళ క్రితం రాసిన పెద్ద పుస్తకమూ అదే చెప్పింది.

అది అబద్ధమని మోక్షితకి ఒక ట్రంకుపెట్టెలో దొరికింది. లంకలో ఏకోపాధ్యాయ పాఠశాల మాస్టారి మనవరాలు దాచుకున్న పెట్టె. అందులో హాజరుపట్టీ. కట్ట తెగ్గొట్టిన రోజు పొద్దున నలభై ఒక్క మంది పిల్లలు హాజరు. ఒక పిల్ల గైరుహాజరు. పక్కన 'జ్వరం' అని సన్నటి అక్షరాలు. ఆ తర్వాతి గళ్ళన్నీ ఖాళీ.

ఆ పేజీ చూసిన రోజు మోక్షిత అన్నం తినలేదు. "నలభై రెండు పేర్లమ్మా," అంది. "వీళ్ళు లేరని రాశారు. ఎదురుగా కూర్చున్నా లేరని రాశారు."

ఎడమచేతి బొటనవేలొక్కటే ఆమె మాట వినేది. ఆ వేలితో, నిమిషానికి నాలుగు మాటల చొప్పున, మూడేళ్ళలో మూడు వందల పన్నెండు పేజీలు రాసింది. గ్రంథం బ్రహ్మాండంగా ఉందని బయటి పరీక్షకులు రాసి పంపారు. ఇక మిగిలింది మౌఖిక పరీక్ష. అక్కడ విశ్వవిద్యాలయం పాత రూలు తీసింది: అభ్యర్థి నోటితోనే జవాబు చెప్పాలి, అడిగిన వెంటనే చెప్పాలి, టైపు కుదరదు.

"మా అమ్మ చెబుతుంది" అని మోక్షిత అర్జీ పెట్టుకుంది. తల్లి సొంతంగా కల్పించి చెప్పదని నమ్మకమేమిటని జవాబొచ్చింది. ఏడో తరగతి చదివిన మనిషి గోదావరి వరదల మీద సొంతంగా కల్పిస్తుందట! ఫిలోమినా మేడం ఆ కాగితాన్ని నలిపి విసిరికొట్టింది. ఆఫీసుల చుట్టూ తిరగడంలో రెండేళ్ళు గడిచాయి.

అలాంటప్పుడు వచ్చింది విశాఖపట్నం నుంచి నజీమా ఉత్తరం, తాము చేస్తున్న పట్టీని మోక్షితకి అమర్చి చూస్తామని. పట్టీ మాట్లాడితే అది అభ్యర్థి నోరే అని విశ్వవిద్యాలయం ఒప్పుకుంది. యంత్రాన్ని నమ్మింది. తల్లిని నమ్మలేదు.

*

పట్టీకి మోక్షిత భాష నేర్పాలి. కాగితం మీది వాక్యాలు చదివించి చూశారు గానీ, చదివే మాట వేరు, లోపల్నుంచి ఉబికే మాట వేరు. అందుకని ఒక అద్దాల గదిలో మోక్షితని కూర్చోబెట్టి, వచ్చిపోయేవాళ్ళతో ఇష్టమొచ్చినట్టు మాట్లాడమన్నారు. మరో గదిలో వీరవేణి. చెవులకి హెడ్‌ఫోన్లు, ఎదుట మైకు. కూతురు ఏమందో విని, తల్లి శుభ్రమైన తెలుగులో చెప్పాలి. ఒకరి ప్రభావం ఒకరి మీద పడకూడదని వేరు గదులు. పదకొండు వేల వాక్యాలు.

రాసుకున్నవన్నీ ఒకసారి సరిచూస్తావా అని నజీమా అడిగితే మోక్షిత తల అడ్డంగా తిప్పింది. "మా అమ్మ చెప్పిందంటే చాలు. మళ్ళీ చూడక్కర్లేదు." ఆ మాటని మైకులో చెబుతూ వీరవేణి కళ్ళు దించుకుంది.

ఎందుకంటే తను కూర్చున్న గదిలో కూతురు లేదు. మైకు ఉంది. మైకు అవతల ఇంగ్లీషు మాట్లాడే పెద్ద మనుషులున్నారు. వాళ్ళ దయ మీద బిడ్డ భవిష్యత్తు ఉంది. "ఈ కుర్చీ చేసినవాడికి నడుముందా?" అని మోక్షిత అంటే, "కుర్చీ కాస్త సర్దుతారా అండి" అని వీరవేణి నోటికొచ్చింది. అనుకుని అన్నది కాదు. వచ్చేసింది. ఒకసారి వచ్చాక ఇక ఆగలేదు.

అన్నిటికంటే పెద్ద తప్పు ఒక్క మాట దగ్గర జరిగింది. మోక్షిత నాలుకకి క పలకదు, ద పలకదు. అందుకని ఆమె 'కాదు' అంటే 'ఆ-ఊ' అని వస్తుంది. 'అవును' అన్నా ఇంచుమించు అంతే. కొత్తవాళ్ళకి రెండూ ఒకటే. తేడా ఒక్క వీరవేణికే తెలుసు: 'కాదు'కి ముందు గొంతులో చిన్న కుదుపుంటుంది, వెక్కిళ్ళు రాబోయి ఆగినట్టు. ఇంజినీర్లు అడిగేవారు: "అమ్మా, ఇది అవునా, కాదా?"

ఎదుటివాళ్ళు పిల్లలైతే, పనివాళ్ళైతే, వీరవేణి ఉన్నదే చెప్పింది. డాక్టర్లో ఆఫీసర్లో ప్రొఫెసర్లో అయితే, కుదుపు విని కూడా, "అవునంటోందండి" అంది.

*

పట్టీతో ఊరికొచ్చాక వీధంతా ముచ్చటపడింది. "పిల్లకెంత మర్యాదండీ, వీరవేణిగారూ! మాటకి ముందో అండి, వెనకో అండి." సందు చివర కిరాణా కొట్టాయన చాక్లెట్టు ఇచ్చాడు. ఇరవై ఏడేళ్ళ మనిషికి! "నేనేమన్నా పసిపిల్లనా?" అంది మోక్షిత. "థాంక్సండి" అంది డబ్బా.

బుల్లియ్య గుమ్మంలో కూర్చుని చుట్ట కాలుస్తూ అంతా విన్నాడు. "ఏటే, ఆ డబ్బాలో ఉన్నది నువ్వా, నీ కూతురా? అచ్చం నువ్వు మా మిల్లు ఓనరుతో మాట్లాడినట్టే ఉంది."

"నోర్ముయ్యి. అపశకునం మాటలూ నువ్వూను."

సాయంత్రం మోక్షిత పట్టీ తీయించేసి తల్లిని దగ్గరికి రమ్మంది. "అమ్మా, పేర్లూ అంకెలూ సరిగ్గానే పలుకుతోంది. వాదించబోతేనే కాళ్ళ మీద పడుతోంది. ఎవడు నేర్పాడు దీనికీ బానిస బుద్ధి? నువ్వు అక్కడ ఉన్నదున్నట్టే చెప్పావు కదా?"

వీరవేణి చేతిలో చాట ఉంది. బియ్యంలో మెరిక కోసం వెతుకుతున్నట్టు తల వంచుకుంది. "ఉన్నదున్నట్టే చెప్పానే."

మోక్షిత నమ్మింది. అదీ నరకం. తిట్టినా బాగుండేది.

పిల్ల నిద్రపోయాక వీరవేణి దొడ్లోకెళ్ళి నజీమాకి ఫోన్ చేసింది. "మేడంగారండీ, ఆ పట్టీ కొంచెం మెత్తగా మాట్లాడతందండి. కంపెనీవాళ్ళేమన్నా అలా పెట్టారాండీ?"

"లేదమ్మా. దానికి సొంతంగా మర్యాదా తెలియదు, అమర్యాదా తెలియదు. మీరు చెప్పిందొక్కటే తెలుసు. ఎందుకు? ఏమైనా తేడా ఉందా? ఉంటే చెప్పండి, మొదట్నుంచి మళ్ళీ నేర్పాలి. ఆరు నెలలైనా పడుతుంది."

పరీక్ష తొమ్మిది రోజుల్లో ఉంది. మోక్షిత రిజిస్ట్రేషన్ గడువు నెలాఖరుతో ముగుస్తుంది.

"ఏం లేదండి," అంది వీరవేణి. "ఊరికే అడిగానండి."

*

పరీక్ష గదిలో పొడుగాటి బల్ల వెనక నలుగురు. మధ్యలో ఆచార్య మార్కండేయులు. రిటైరైనా విశ్వవిద్యాలయంలో ఆయన మాటకి ఎదురులేదు. చివర ఫిలోమినా మేడం. పక్కన నజీమా, యంత్రం బాధ్యత తనదని. వీరవేణిని ఆఖరి వరసలో కూర్చోనిచ్చారు, ఒక కాగితం మీద సంతకం పెట్టించుకుని: తల్లి నోరు తెరిస్తే పరీక్ష రద్దు.

మొదటి అరగంట బాగానే గడిచింది. వరద మట్టం, కట్ట ఎత్తు, తేదీలు. డబ్బా తేటగా చెప్పుకుపోయింది. తర్వాత మార్కండేయులు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"అమ్మాయ్, నీ గ్రంథమంతా ఒక హాజరుపట్టీ మీద నిలబడింది. పల్లెటూరి మాస్టర్లు ఒకేసారి వారానికి సరిపడా టిక్కులు పెట్టేసుకుంటారు. నాకు తెలుసు. కాబట్టి ఆ రోజు పిల్లలు అక్కడ ఉన్నారనడానికి ఆధారం లేదు. ఒప్పుకుంటావా?"

మోక్షిత ఛాతీ నిండా ఊపిరి తీసుకుంది. గొంతులో కుదుపు. "ఆ-ఊ."

"అవునండి," అంది డబ్బా.

మోక్షిత తల విసిరింది. "ఆ-ఊ! ఆ-ఊ!"

"అవునండి. అవునండి."

మార్కండేయులు నవ్వారు. "తొందరపడకమ్మా. అయితే నా పుస్తకంలో రాసింది సరైనదేనని కూడా ఒప్పుకున్నట్టే కదా?"

మోక్షిత అరిచింది. నరాలు తేలిన మెడతో, నురగ కక్కుతూ అరిచింది. ఆఖరి వరసలో వీరవేణి ప్రతి మాటా విన్నది. "ముందే టిక్కులు పెట్టేవాడు జ్వరమని ముందే ఎలా రాస్తాడు? రేపు ఏ పిల్లకి జ్వరమొస్తుందో వాడికి కలొచ్చిందా? అది నా మాట కాదు, ఈ డబ్బాని తీసెయ్యండి, ఎవరైనా తీసెయ్యండి!"

"తమరు పెద్దవారండి," అంది డబ్బా. "తమరన్నట్టే జరిగి ఉండొచ్చండి. క్షమించండి."

ఆమె ఎంత అరిస్తే అది అంత కరిగిపోతోంది. ఎంత తిడితే అంత వంగుతోంది. మోక్షిత పట్టీ పీకేయబోయింది. చెయ్యి గాల్లో ఎటో పోయి బల్లకి తగిలింది. "పాపం, ఉద్వేగానికి లోనైంది. కాసిని మంచినీళ్ళు ఇవ్వండి" అన్నారెవరో. మార్కండేయులు కలం మూత తీశారు. "అభ్యర్థి తన వాదనని ఉపసంహరించుకుంది. సవరణలతో డిగ్రీకి సిఫారసు చేద్దాం. కష్టపడి చదువుకుంది పాపం."

డిగ్రీ వచ్చేస్తోంది. వీరవేణి కదలకుండా కూర్చుంటే చాలు. ఇరవై ఏళ్ళుగా ఆమె మొక్కిన మొక్కులన్నీ ఈ నిమిషం కోసమే.

మోక్షిత కుర్చీలోనే మెడ తిప్పి చూసింది. డబ్బావైపు కాదు. తల్లివైపు. ఆ చూపులో ప్రశ్న లేదు. 'తమరు పెద్దవారండి' అన్న మాట ఎవరిదో ఆమెకి తెలిసిపోయింది. ఆ మాట ఇంట్లో పుట్టి పెరిగిందే.

వీరవేణి లేచి నిలబడింది.

"కాదంటోందండి!"

అందరూ తిరిగారు. "అమ్మా, మీరు సంతకం పెట్టారు" అన్నారు మార్కండేయులు.

"పెట్టానండి. రద్దు చేసుకోండి. పిల్ల కాదంది. మొదట్నుంచీ కాదనే అంటంది. ఆ డబ్బా చెప్పేది దాని మాట కాదు, నాది. నేనే నేర్పాను. పదకొండు వేల వాక్యాల్లో పెద్దోళ్ళతో అన్నవన్నీ తిప్పేశాను. భయంతో తిప్పేశాను. మీరంటే భయం, మీ కుర్చీలంటే భయం."

నజీమా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత లేచి వెళ్ళి మోక్షిత గడ్డం కింది పట్టీ ఒలిచేసింది.

"పరీక్ష రద్దు" అన్నారు మార్కండేయులు. "అసలు ఇన్నాళ్ళూ ఈ అమ్మాయి చెప్పినవాటిలో ఏది ఆమెది, ఏది మీదో ఎవరికి తెలుసు?"

"రద్దు చెయ్యండి సార్," ఫిలోమినా మేడం బల్ల మీద చేత్తో కొట్టింది. "కానీ తను ఉపసంహరించుకుందని రాసిన ముక్క కొట్టేసి రద్దు చెయ్యండి. మోక్షా, ఆ టిక్కులు మాస్టారు ముందే పెట్టాడంటావా?"

మోక్షిత గొంతులో కుదుపు, వెక్కిళ్ళు రాబోయి ఆగినట్టు. "ఆ-ఊ."

ఈసారి డబ్బా అడ్డం లేదు. ఆ కుదుపు బల్ల ఆ చివరి దాకా వినిపించింది. ఒకసారి చెబితే ఎవరైనా పోల్చుకోగలిగేదే. ఇరవై ఏడేళ్ళలో ఎవరూ చెవి పెట్టలేదు, అంతే.

మోక్షిత ఆగలేదు. వీరవేణి ముందుకొచ్చి, కుర్చీ పక్కన నిలబడి, ఒక్కో మాటా విప్పింది. "జ్వరమని ముందే ఎవడు రాస్తాడని అడుగుతోంది. నలభై రెండు మంది పిల్లల్ని మీరు నలభై ఏళ్ళుగా లేరని రాస్తున్నారంటోంది. మీకు సిగ్గు..." పాత అలవాటు నాలుక కొసదాకా వచ్చింది. మింగేసింది. "మీకు సిగ్గు లేదంటోంది."

మార్కండేయులు కాగితాలు దొంతి పెట్టుకుని వెళ్ళిపోయారు. ఆయన రాసిన ముక్కని ఫిలోమినా మేడం ఎర్రసిరాతో కొట్టేసింది.

వరండాలో మోక్షిత తల్లితో మాట్లాడలేదు. రైల్లో మాట్లాడలేదు. పదకొండు రోజులు మాట్లాడలేదు. వీరవేణి నోట్లో ముద్ద పెడితే తింది, అంతే. "తిట్టవే, కొట్టవే" అని వీరవేణి ఏడ్చింది. మోక్షిత గోడవైపు చూసింది. పన్నెండో రోజున ఫిలోమినా మేడం ఎవరెవరితోనో తగువులాడి, పరీక్షకి ఇంకో ఎనిమిది నెలల గడువు తెచ్చానని ఫోన్ చేసింది. మార్కండేయులు ఉండరట. లేకపోతే ఇంకొకరుంటారు. అలాంటివాళ్ళకి కరువేముంది!

నేర్పడానికి వేరే మనిషిని చూద్దామంది నజీమా. "అమ్మకంటే నా గొంతు తెలిసినవాళ్ళు లేరు," అని మోక్షిత బొటనవేలితో టైపు చేసింది. "కానీ ఈసారి ఒకటే గది. నేను వింటూ ఉంటాను."

అదే మూడో అంతస్తు. కిటికీ అవతల అదే సముద్రం. నజీమా మైకు సరిచేసి, అద్దం అవతలికి వెళ్ళి, మొదలుపెట్టమని చెయ్యి ఊపింది.

మోక్షిత తల్లి కళ్ళలోకి చూసింది. పరీక్ష రోజు నుంచి నాన్చిన మాట. నెమ్మదిగా, ఒక్కో అక్షరం కూడదీసుకుని అంది.

వీరవేణి మైకు దగ్గరికి వంగింది. "మా అమ్మ నా నోట్లో మట్టి కొట్టింది."

స్పీకర్లో నజీమా గొంతు. "అంతేనా అమ్మా? చివర ఇంకేమైనా..."

"లేదు. అంతే."

సాయంత్రానికి మూడు వందల వాక్యాలయ్యాయి. సగం వీరవేణిని తిట్టినవే. ఒక్కటీ వదల్లేదు, ఒక్కటీ మెత్తబడలేదు. ఆమె నడుం పట్టేసింది, కళ్ళు మంటలెత్తాయి. మోక్షిత మెడ కూడా ఒరిగిపోతోంది. జ్వరమొస్తుందేమో, రాత్రికి మూర్ఛ వస్తుందేమో, ఇంటికెళ్ళిపోతే బాగుండును.

"చాలా అలిసిపోయినట్టున్నావు మోక్షా," అంది నజీమా. "ఇవాళ్టికి ఆపేద్దాం. అలిసిపోయావు, అవునా?"

"ఆ-ఊ."

వీరవేణి విన్నది. కుదుపు ఉంది.

"కాదు," అంది.